పసివారికి ఇంటి కట్టుబాట్లు

గోదావరి డెల్టాలోని ఒక గ్రామమునకు మేము పనిమీద పోయితిమి. అచ్చట పంచాయతీ కార్యాలయము కాలువ గట్టునకు ఎదురుగా ఉన్నది. సాయంకాలము నాలుగు గంటల వేళ సభ్యులతో మాటలాడుచు అరుగుమీద కూర్చుండియుండగా, ప్రక్క ఇంటినుండి మూడేండ్ల బాలుడొకడు రేవువైపు పరుగెత్తుట చూచితిమి. వెనుకనుండి వాని నాయనమ్మ, "వద్దురా నాన్నా, ఆగరా!" అని కేకవేయుచుండెను. బాలుడు వెనుకకు తిరిగి చూచి, నవ్వి, మరింత వేగముగా పరుగెత్తెను. రేవు మెట్లపై బట్టలుతుకుచున్న ఇల్లాలొకతె చేయి చాచి వానిని పట్టుకొన్నది. లేనిచో ఏమి జరిగియుండునో చెప్పనక్కరలేదు.

నాయనమ్మ రొప్పుచు వచ్చి, మనుమని చంకనెత్తుకొని, వీపుపై ఒక దెబ్బ వేసి, వెంటనే ముద్దు పెట్టుకొని, మాతో ఇట్లనెను: "పొద్దున లేచిన దగ్గర్నుంచి వద్దు వద్దని నా నోరు పడిపోతోంది బాబూ. ఒక్క మాటా వినడు."

ఆమె మాటలోనే కారణము కూడ ఉన్నది. అంతకు పూర్వము అరగంటసేపు మేము ఆ ఇంటి మాటలు వినుచునే యుంటిమి. ఇసుకలో కూర్చుండవద్దు, మేకపిల్లను పట్టుకొనవద్దు, బిందె ముట్టవద్దు, ఏడవవద్దు, అరవవద్దు. ఇన్ని "వద్దు"లలో ఒక్కదాని వెంటనైనను ఎవరును లేచి రాలేదు. ఇసుకకు చెప్పిన "వద్దు", కాలువకు చెప్పిన "వద్దు" ఆ బాలుని చెవికి ఒకే విధముగా వినబడెను. ఇసుకలో కూర్చుండినందుకు ఏమియు జరుగనప్పుడు, కాలువవైపు పోయినందుకు ఏదో జరుగునని వాడెట్లు గ్రహింపగలడు?

అరుగుమీది సభ్యులలో ఒకరు నవ్వి, "మా తీర్మానాల పుస్తకంలోనూ ఇలాంటివి చాలా ఉన్నాయండీ" అనిరి. ఆయన వేడుకకే అన్నను, ఆ మాటలో సత్యము కలదు. అమలు జరుగని తీర్మానములు ఎక్కువైన పంచాయతీకి గౌరవము తగ్గును. తీర్మానములు కొద్దిగా నుండి, అందరికిని తెలిసి, అందరికిని ఒకే తీరున అమలు జరిగినచో ఊరివారు పంచాయతీ మాటను మన్నింతురు. ఇంటి విషయము కూడ ఇంతే. ఈ పాఠమున 1 ఏడాది మొదలు 6 ఏండ్లవరకు గల పిల్లలకు ఇంటిలో హద్దులు ఎట్లు ఏర్పరచవలెనో, వారినుండి ఏమి ఆశింపవచ్చునో, ఏమి ఆశింపరాదో వివరింతుము.

ఇది ఇంటి సంగతి కదా, పంచాయతీ సభ్యులకు దీనితో పని యేమని కొందరు అడుగవచ్చును. మీరును తల్లులు, తండ్రులు, తాతలు, అమ్మమ్మలే. మీ ఇంటి పద్ధతిని ఊరు గమనించుచుండును. అంతేకాక, పిల్లలు పడిపోవు బావి, కాలువ రేవు, రోడ్డు అంచు ఊరుమ్మడి సొత్తు. ప్రపంచమున నీట మునిగి మరణించువారి రేటు 1 నుండి 4 ఏండ్ల పిల్లలలోనే అత్యధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. కావున ఇది మర్యాదకు సంబంధించిన విషయము మాత్రమే కాదు, ప్రాణమునకు సంబంధించిన విషయము.

కట్టుబాటు ఏల?

మొక్కై వంగనిది మానై వంగునా యని మన పెద్దలు చెప్పిరి. ఈ సామెతను కొందరు కర్ర పట్టుటకు అనుమతిగా భావింతురు. కాని తోటమాలి పనిని చూడుడు. లేత మొక్క ప్రక్కన ఊతకర్ర పాతి, మెత్తని నారతో వదులుగా కట్టును. బిగించి కట్టినచో కాండము కోసికొనిపోవును. కట్టనే కట్టనిచో మొదటి గాలివానకు మొక్క నేలవాలును. పసివాని పెంపకమునందును ఈ రెండు తప్పులును జరుగుచున్నవి.

డయానా బామ్‌రిండ్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో ప్రకటించిన వ్యాసమున తల్లిదండ్రుల పద్ధతులను మూడు విధములుగా విభజించెను. కొందరు కారణము చెప్పక ఆజ్ఞాపించి, శిక్షతో లొంగదీయుదురు. కొందరు ఏ హద్దును పెట్టక, అడిగినదెల్ల ఇత్తురు. మూడవ విధమువారు హద్దును దృఢముగా నిలుపుదురు, కాని కారణము చెప్పుదురు, పిల్లవాని మాటను విందురు. ఈ మూడవ పద్ధతిలో పెరిగిన పిల్లలు తమంత తాము నడచుకొనగలవారై, ఇతరులతో కలసిమెలసి యుందురని ఆమె పరిశీలనలలో తేలినది. ప్రేమయు, కట్టుబాటును ఒకదానికొకటి విరుద్ధములు కావని దీని సారాంశము.

పసివాడు ఒక హద్దును మాటిమాటికి దాటజూచుట దుర్మార్గము కాదు. నిన్న ఉన్న హద్దు నేడును అక్కడనే యున్నదా యని చూచుకొనుచున్నాడు. నేడు అమ్మ కాదన్నది, రేపు అలసియుండి సరేయన్నచో, మరునాడు వాడు మరల ప్రయత్నించి తీరును. హద్దు ఎల్లప్పుడు ఒకేచోట ఉన్నదని తెలిసినప్పుడు వాని మనస్సు నెమ్మదించి ఆటమీదికి పోవును.

వయస్సును బట్టి ఆశింపవలెను

తల్లిదండ్రుల కోపములో చాల భాగము, ఆ వయస్సున రాని పనిని ఆశించుటవలన కలుగుచున్నది.

ఏడాది బిడ్డకు "ముట్టవద్దు" అను మాట తెలిసినను, చేయి ఆపుకొను శక్తి లేదు. ఈ వయస్సున కట్టుబాటు పెద్దలకే గాని బిడ్డకు కాదు. కిరసనాయిలు డబ్బా, పురుగుమందు సీసా, కత్తిపీట, అగ్గిపెట్టె బిడ్డకు అందని ఎత్తున తాళము వేసిన చోట ఉండవలెను. త్రాగునీటి సీసాలలో పురుగుమందు పోసి ఉంచు అలవాటును ఇంటినుండియు, పొలమునుండియు తొలగింపవలెను.

రెండేండ్ల బిడ్డ ప్రతిదానికి "నేను", "నాది", "వద్దు" అనును. ఇది మొండితనము కాదు, తానొక వ్యక్తినని తెలిసికొనుచున్న దశ. కోరినది దొరకనప్పుడు నేలపై పడి దొర్లుట ఈ వయస్సున సహజము. పంచుకొనుమని బలవంతపెట్టుటవలన ప్రయోజనము తక్కువ. ఒక్కొక్కరు వంతులవారీగా ఆడుకొనుట నేర్పవచ్చును.

మూడు, నాలుగేండ్ల పిల్లలు చిన్న ఆజ్ఞను అర్థము చేసికొని పాటింపగలరు. కాని ఒక్క విషయము మరువరాదు. మూడేండ్లవాడు "కాలువ దగ్గరకు పోకూడదు" అని తడుముకొనకుండ అప్పగించును. ఆ వెంటనే కప్ప దుమికినచో దాని వెంట పరుగెత్తును. నియమము నోటికి వచ్చుట వేరు, మనస్సును నిగ్రహించుట వేరు. ఆ నిగ్రహము ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును. కావున నీరు, నిప్పు, రోడ్డు విషయములలో కట్టుబాటు ఎన్నటికిని కాపలాకు బదులు కానేరదు.

ఐదు, ఆరేండ్ల పిల్లలకు కారణము చెప్పినచో విందురు. చిన్న బాధ్యతను మోయగలరు. చేసిన తప్పును సవరించుకొనగలరు. కాని వీరికి చంటిబిడ్డ కాపలాను అప్పగింపరాదు.

కొద్ది కట్టుబాట్లు చాలును

ఒక ఇంటికి నాలుగైదు కట్టుబాట్లు చాలును. వానిని మూడు తరగతులుగా భావింపవచ్చును.

మొదటిది ప్రాణరక్షణ. పెద్దల చేయి పట్టుకొననిదే గట్టు ఎక్కరాదు, పొయ్యివద్దకు పోరాదు, పెద్దలు లేక రోడ్డు దాటరాదు. వీనికి మినహాయింపు లేదు. పండుగనాడైనను, చుట్టములు వచ్చిననాడైనను సడలింపరాదు.

రెండవది ఇతరులకు బాధ కలిగింపకుండుట. కొట్టరాదు, కొరకరాదు, రాళ్ళు విసరరాదు. ఇది మనుష్యులకే గాక కుక్కపిల్లకును, లేగదూడకును వర్తించును.

మూడవది దినచర్య. అన్నమునకు ముందు చేతులు కడుగుకొనుట, ఆడుకొన్న వస్తువును తిరిగి చోటున పెట్టుట, నియమిత వేళకు పండుకొనుట. ఇవి అలవాటువలన వచ్చునవి గాన, దినదినము ఒకే వరుసలో జరుగవలెను. స్నానము, అన్నము, కథ, నిద్ర అను వరుస స్థిరపడినచో పండుకొనుమని గదమాయింపవలసిన అగత్యము చాలవరకు తగ్గును.

ఈ మూడు తరగతులలో చేరని పనులను చూచియు చూడనట్లు విడువవలెను. ఇసుకలో ఆడినచో కాళ్ళు కడుగవచ్చును. చొక్కా తిరగవేసి తొడుగుకొన్నచో కొంప మునుగదు. "వద్దు" అను మాటను పొదుపుగా వాడినప్పుడే దానికి విలువ ఉండును. కాలువ గట్టున ఆ మాట పనిచేయవలెనన్నచో, ఇంటి వాకిట దానిని వృథాగా వెచ్చింపరాదు.

మరియా మాంటిస్సోరీ 1907లో రోమ్ నగరమున కూలివారి నివాసములలో తన మొదటి శిశుగృహమును తెరచెను. అందలి పిల్లలు 3 మొదలు 6, 7 ఏండ్లలోపువారు. పనిముట్టును ఎన్నుకొను స్వేచ్ఛ పిల్లలకు కలదు. కాని పని ముగిసిన పిమ్మట దానిని చోటున పెట్టవలెను, మరియొకరి పనిని చెడగొట్టరాదు. అచ్చటి నియమములు పిల్లలకే గాక తల్లులకును ఉండెడివి. బిడ్డను శుభ్రముగా పంపుటయు, ఉపాధ్యాయినికి తోడ్పడుటయు వారి విధులు. మన దేశమున గిజూభాయ్ బధేకా న్యాయవాద వృత్తిని విడిచి, 1920లో భావనగరమున బాలమందిరము నెలకొల్పి, భయము లేక దెబ్బ లేక పసివారికి క్రమము నేర్పవచ్చునని చూపెను. మాంటిస్సోరీ 1939లో మన దేశమునకు వచ్చి మద్రాసులోని అడయారున ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను.

చెప్పు విధము

దూరమునుండి పది కేకలు వేయుటకన్న, దగ్గరకు పోయి ఒక్క మాట చెప్పుట మేలు. బిడ్డ ఎత్తునకు వంగి, పేరు పెట్టి పిలిచి, వాడు మన ముఖము చూచిన పిమ్మట చెప్పవలెను. మాట చిన్నదిగా నుండవలెను. "ఎన్నిసార్లు చెప్పినా బుద్ధి లేదు, మీ నాన్న పోలికే నీకు" అను ప్రసంగములో బిడ్డకు పనికివచ్చునది ఒక్క ముక్కయు లేదు. "గట్టు మీద నా చేయి పట్టుకో" అనునది వానికి అర్థమగును.

చేయవద్దనుటకన్న చేయవలసినది చెప్పుట సులభము. "పరుగెత్తకు" అనుటకు మారుగా "నెమ్మదిగా నడు" అనవలెను. "పాలు ఒలకబోయకు" అనుటకు మారుగా "గ్లాసు రెండు చేతులతో పట్టుకో" అనవలెను.

ఒకసారి చెప్పితిమి. వాడు వినలేదు. రెండవసారి చెప్పునప్పుడు మన కాళ్ళును కదలవలెను. వానిని ఎత్తుకొని, కోపము లేకుండ, గట్టునుండి ఇంటికి తీసికొనిపోవలెను. ఆ పూట వీధిలోని ఆట ముగిసినది. మాట వెంట చేత రానిచో, మాట గాలిలో కలసిపోవును.

ఆట మాన్పించునప్పుడు ముందుగా హెచ్చరింపవలెను. "ఇంకొక్కసారి బండి లాగి, స్నానానికి రావాలి" అన్నచో బిడ్డ సిద్ధపడును. వీలైనచోట రెండింటిలో ఒకదానిని ఎన్నుకొననీయవలెను. స్నానము చేయుటయా మానుటయా అని అడుగరాదు. చెంబుతో నీవు పోసికొందువా, నన్ను పోయుమందువా అని అడుగవచ్చును. మనము ఒప్పుకొనలేని ప్రశ్నను అడుగనే రాదు.

మంచిపని చేసినప్పుడు ఆ పనిని పేర్కొని చెప్పవలెను. "చెప్పులు వరుసగా పెట్టావు" అన్నచో, మరునాడును వరుసగా పెట్టును. తప్పు చేసినప్పుడు మాత్రమే పెద్దల దృష్టి తనమీద పడునని గ్రహించిన బిడ్డ, ఆ దృష్టికొరకే తప్పు చేయును.

ఇంటిల్లిపాదికి ఒకే మాట

మన ఇండ్లలో అన్నింటికన్న కష్టమైనది ఇదియే. తల్లి అన్నమునకు ముందు మిఠాయి వద్దనును. తాతయ్య జేబులోనుండి తీసి యిచ్చును. తండ్రి కాదన్నది నాయనమ్మ సరేయనును. బిడ్డ మిక్కిలి తెలివిగలవాడు; ఎవరివద్ద ఏది సాగునో వారము దినములలో గ్రహించును. పిదప వాడు హద్దును నేర్చుకొనడు, మనుష్యులను వాడుకొనుట నేర్చుకొనును.

దీనికి ఉపాయము కలదు. ఒక రాత్రి బిడ్డ నిద్రించిన పిమ్మట ఇంటిలోని పెద్దలందరు కూర్చుండి, నాలుగు కట్టుబాట్లు నిర్ణయించుకొనవలెను. కోడలి అభిప్రాయమును, అత్తగారి అభిప్రాయమును సమానముగా వినవలెను. దినమంతయు బిడ్డను చూచువారు అత్తగారైనచో, ఆమె పాటింపలేని నియమము వ్రాసికొని లాభము లేదు. నిర్ణయమైన పిమ్మట బిడ్డ ఎదుట ఒకరి మాటను ఒకరు కాదనరాదు. భిన్నాభిప్రాయమున్నచో తరువాత మాటలాడుకొనవలెను. తాతయ్యకు మిఠాయి ఇచ్చు సంతోషమును తీసివేయనక్కరలేదు; అన్నము తరువాత ఆయన చేతనే ఇప్పింపవచ్చును.

కట్టుబాటు పెద్దలకును వర్తించును. అన్నము తినుచు సెల్‌ఫోను చూచు తండ్రి, బిడ్డకు వద్దని చెప్పజాలడు. తిరిగి వచ్చునప్పుడు బొమ్మ తెత్తునని మాటయిచ్చి మరచినచో, మన తరువాతి మాటకు విలువ తగ్గును.

సెల్‌ఫోను మాట వచ్చినది గాన ఒక సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సలహా ప్రకారము ఏడాది లోపు బిడ్డకు తెర చూపనేరాదు. 2 నుండి 4 ఏండ్ల పిల్లలకు దినమునకు 1 గంట మించరాదు, తగ్గినకొలది మేలు. 3, 4 ఏండ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుండి 13 గంటల నిద్ర వలయును. నిద్ర చాలని బిడ్డ ఏ కట్టుబాటును నిలుపుకొనలేడు.

బెదిరింపు, దెబ్బ

"బూచాడికి పట్టిస్తాను", "పోలీసు వస్తున్నాడు", "నర్సమ్మతో సూది వేయిస్తాను" అను మాటలు వినబడని వీధి లేదు. ఆలోచించి చూడుడు. తిరునాళ్ళలో తప్పిపోయిన బిడ్డ పోలీసును చూచి దాగికొనినచో, వానిని ఇల్లు చేర్చువారెవరు? సూది అనగా శిక్షయని నేర్చిన బిడ్డను టీకాలకు తీసికొనిపోవునప్పుడు తల్లి పడు కష్టము మనకు తెలియనిది కాదు. పైగా బూచి ఎన్నడును రాడు. రాడని వానికి తెలిసిననాడు పెద్దల మాట అబద్ధమనియు తెలియును. కాలువ లోతు గురించిన మాటయు ఆ అబద్ధములలో కలసిపోవును.

ఐదేండ్లు లాలించి, పిమ్మట పదేండ్లు దండింపవలెనను పాత నీతిని పెద్దలు చెప్పుదురు. ఆ నీతి ప్రకారమైనను ఐదేండ్ల లోపు బిడ్డను కొట్టరాదు కదా! నేటి చట్టము మరికొంత ముందుకు పోయినది. 2009నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను పాఠశాలలో పిల్లలను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదింపగా, మన దేశము 1992లో అందు చేరినది. స్వీడన్ దేశము 1979లో ఇంటిలో కొట్టుటను కూడ నిషేధించి, అట్లు చేసిన దేశములలో మొదటిదైనది.

చట్టమును ప్రక్కన పెట్టి ఫలితమునే చూతము. దెబ్బ తిన్న బిడ్డ ఆ క్షణమున ఆగును, నిజమే. కాని వాడు నేర్చినది కాలువ ప్రమాదకరమని కాదు, నాయనమ్మ చూచునప్పుడు పోరాదని. ఎవరును చూడని వేళ ఆ పాఠము వానిని కాపాడదు. మరియు బలవంతుడు బలహీనుని కొట్టవచ్చునను పాఠమును వాడు చెల్లెలిపై ప్రయోగించును.

దెబ్బకు మారుగా తప్పునకు తగిన ఫలితమును చూపవలెను. నీరు ఒలకబోసినచో గుడ్డ ఇచ్చి తుడిపింపవలెను. బొమ్మతో కొట్టినచో ఆ బొమ్మను కొంతసేపు తీసి దాచవలెను. ఫలితము వెంటనే రావలెను, చిన్నదిగా నుండవలెను. అన్నము పెట్టకుండుట, చీకటిగదిలో నుంచుట, మాటలాడకుండుట శిక్షలు కావు, క్రౌర్యములు.

నేలపై పడి ఏడ్చు బిడ్డకు ఉపన్యాసము పనిచేయదు. దెబ్బ తగులకుండ చూచి, దగ్గర కూర్చుండవలెను. కోరినది ఇయ్యరాదు, విడిచి పోరాదు. ఏడుపు తగ్గిన పిమ్మట దగ్గరకు తీసికొని, "నీకు కోపం వచ్చింది. అయినా మిఠాయి అన్నం తిన్నాకే" అని చెప్పవలెను. కోపమును కాదనలేదు, హద్దును జరుపలేదు. మనకే కోపము మితిమీరినచో బిడ్డను మరియొకరి కప్పగించి, నాలుగు అడుగులు ఇవతలికి వచ్చుట మంచిది.

ఆడపిల్ల, మగపిల్లవాడు

మూడేండ్ల బిడ్డ తన పళ్ళెమును తీసికొనిపోగలదు. నాలుగేండ్ల బిడ్డ కోళ్ళకు గింజలు చల్లగలదు. ఐదేండ్ల బిడ్డ మొక్కలకు చెంబుతో నీరు పోయగలదు. ఇట్టి పనులవలన తానును ఇంటికి పనికివచ్చుదునను సంతోషము కలుగును. కాని పళ్ళెము తీయు పని ఆడపిల్లదియు, తిని లేచిపోవు హక్కు మగపిల్లవానిదియు అగుచున్న ఇండ్లు ఇంకను కలవు. ఆడపిల్లకు హద్దులన్నియు, మగపిల్లవానికి మన్ననలన్నియు ఇచ్చినచో ఇద్దరికిని అన్యాయము జరుగును. హద్దు లేక పెరిగిన కుమారునితో తరువాత తల్లిదండ్రులును, వాని భార్యయు పడు కష్టమును పంచాయతీ అరుగుమీద మీరు ఎన్నిమారులు వినియుండరు!

నాట్ల కాలమున, కోతల కాలమున తల్లులు పొలమునకు పోవునప్పుడు ఏడెనిమిదేండ్ల అక్కకు తమ్ముని అప్పగించి పోవుట కలదు. ఆ పిల్ల చదువు పోవును. ఆమెయు ఆట వయస్సులోనిదే గాన కాపలాయు నిలువదు. ప్రమాదము జరిగినచో ఆ భారము జీవితమంతయు ఆమె మనస్సుపై నిలిచిపోవును. ఇంతటి భారమును బిడ్డపై వేయుటకు ఏ ఇంటికిని అధికారము లేదు.

పంచాయతీ వంతు

1992నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములను పదునొకండవ షెడ్యూలున చేర్చినది. అందు స్త్రీ శిశు అభివృద్ధి ఒకటి. కావున ఈ క్రింది పనులు మీ పరిధిలోనివే.

మొదటిది: బావులకు చుట్టుగోడ, రేవులవద్ద కంచె లేక తలుపు ఉన్నదో లేదో సభ్యులు తమ తమ వార్డులలో స్వయముగా నడచి చూడవలెను. విడిచిన బోరుబావుల విషయమున సుప్రీంకోర్టు 2010లో ఆదేశముల నిచ్చినది. బోరు వేయుటకు 15 దినములు ముందుగా భూయజమాని అధికారులకు వ్రాతమూలకముగా తెలుపవలెను. పని జరుగుచోట కంచె వేయవలెను. విడిచిన బోరును మట్టి, ఇసుక, రాళ్ళతో అడుగునుండి నేలమట్టము వరకు పూడ్చవలెను. గ్రామములలో దీని పర్యవేక్షణకు సర్పంచును, వ్యవసాయశాఖ అధికారిని పేర్కొనిరి.

రెండవది: అంగన్‌వాడీ కేంద్రము. సమగ్ర శిశు అభివృద్ధి పథకము 1975 అక్టోబరు 2న ప్రారంభమైనది. ఈ కేంద్రములు పౌష్టికాహారముతోపాటు 3 నుండి 6 ఏండ్ల పిల్లలకు ఆటపాటలద్వారా చదువునకు పునాది వేయును. వరుసలో నిలుచుట, వంతుకొరకు వేచియుండుట, వస్తువును చోటున పెట్టుట వారికి అచ్చట అలవాటగును. పసివారిని నీటికి దూరముగా, పెద్దల సంరక్షణలో ఉంచు స్థలము ఏర్పరచుట నీటి ప్రమాదములను నివారించు మార్గములలో ఒకటియని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కేంద్రమునకు ప్రహరియు, మూసియుంచు తలుపును ఉన్నవో చూడుడు. పనుల కాలమున కేంద్రము మూసిన పిమ్మటి వేళలకు వీధికొక పెద్దదిక్కును ఏర్పరచుకొనుటకు మహిళా సంఘములతో మాటలాడుడు.

మూడవది: తల్లుల సమావేశమునకు తండ్రులను, తాతలను కూడ పిలువుడు. ఇంటి కట్టుబాటు తల్లి ఒక్కతెకే చెప్పి పంపినచో, ఇంటిలో ఆమె మాట నెగ్గదు.

మరల ఆ గ్రామమునకు

కొన్ని నెలల పిమ్మట మేము ఆ గ్రామమునకు మరల పోయితిమి. రేవు మెట్లపైన వెదురు తడికతో ఒక తలుపు వెలసినది. నాయనమ్మ మమ్ము గుర్తించి, తమ ఇంటిలో నాలుగు కట్టుబాట్లు ఏర్పరచుకొన్నామని చెప్పెను. మొదటి పదిహేను దినములు చాల కష్టమైనదట. ఇసుక విషయము విడిచిపెట్టుటకు ఆమె మనస్సు ఒప్పుకొనలేదట. "రోజుకు రెండుసార్లు కాళ్ళు కడుగుతున్నాను, అంతే కదా బాబూ" అనెను.

బాలుడు ఆమె చేయి పట్టుకొని తలుపువద్ద నిలిచి, మాకు ఆ నియమమును అప్పగించెను. ఇక వాడు ఒంటరిగా పోడు కదా యని మేమంటిమి. ఆమె తల అడ్డముగా ఊపి, "వాడి మాట నమ్ముతాను గానీ, వాడి కాళ్ళని ఇంకా నమ్మను" అనెను. వాని చేయిని మాత్రము విడువలేదు.

ఈ పాఠమున మేము చెప్పదలచినదంతయు ఆ పెద్దమ్మ మాటలో ఉన్నది. కట్టుబాటు బిడ్డకు నేర్పవలెను. అది వానిలో వేరూనువరకు చేయి పట్టుకొనియుండవలసినది మనము.

చర్చించుటకు ప్రశ్నలు

1. నిన్నటి దినమున మీ ఇంటిలో బిడ్డకు ఎన్నిమారులు "వద్దు" అని చెప్పిరి? వానిలో ప్రాణరక్షణకు సంబంధించినవి ఎన్ని?

2. మీ ఇంటికి తగిన నాలుగు కట్టుబాట్లు ఏవి? వానిని ఇంటిలోని పెద్దలందరు అంగీకరింతురా?

3. మీ వార్డులో గోడ లేని బావి, పూడ్చని బోరు, కంచె లేని రేవు ఎన్ని కలవు? వచ్చు సమావేశములోపల వానిలో దేనిని సరిచేయగలరు?

4. పనుల కాలమున మీ వీధిలోని పసివారిని ఎవరు చూచుచున్నారు? ఆ చూచువారి వయస్సెంత?